మతాంతర వివాహం, విదేశంలో కాపురం: తిరుపతి, చిత్తూరు ముస్లింలు నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

నేను తిరుపతి కొర్లగుంటలో పెరిగిన ముస్లిం అమ్మాయిని. పదకొండేళ్లుగా జర్మనీలో ఉంటున్నాను. మా ఆయన ఇక్కడివాడే, కాథలిక్ కుటుంబంలో పుట్టాడు. మా పెళ్లి సంగతి ఊళ్లో తెలిసినప్పటి నుంచి చుట్టాల పిల్లలు, వాళ్ల స్నేహితులు, పేరు కూడా చెప్పని పలమనేరు, పుంగనూరు పిల్లలు ఫోను చేస్తూనే ఉన్నారు. ఇక్కడ రాత్రి తొమ్మిదైతే అక్కడ పన్నెండు దాటి ఉంటుంది. అందరూ పడుకున్నాక మేడ మీద నిలబడి గుసగుసగా మాట్లాడే ఆ గొంతు వినగానే ఏ ప్రశ్న రాబోతోందో తెలిసిపోతుంది. అడిగినవే మళ్లీ అడుగుతున్నారు కాబట్టి రాసి పెట్టాను. నేను ఆలిమాను (మత పండితురాలిని) కాను, వకీలును కాను. ఈ దారిలో నడిచి వచ్చినదాన్ని, అంతే.

## ఇంట్లో ఇంకా చెప్పనివాళ్లకు

అబ్బాయి అయితే వేరే మతం అమ్మాయిని చేసుకోవచ్చు, అమ్మాయికే కుదరదు అంటారు. నిజమేనా?

సగం నిజం. ఖురాన్‌లో 5వ సూరా 5వ వాక్యం గ్రంథ ప్రజల స్త్రీలను, అంటే యూదు, క్రైస్తవ స్త్రీలను ముస్లిం పురుషుడు పెళ్లాడవచ్చని చెబుతుంది. 2వ సూరా 221వ వాక్యం బహుదైవారాధకులతో పెళ్లి వద్దంటుంది. అది మగవాళ్లకూ ఆడవాళ్లకూ కూడా వర్తిస్తుంది. కాబట్టి పక్క వీధి హిందూ అమ్మాయిని ప్రేమించి "నేను మగవాణ్ణి, నాకు ఫర్వాలేదు" అనుకునే అబ్బాయికి కూడా సంప్రదాయ ఇస్లాం ధర్మశాస్త్రమైన ఫిఖ్‌లో అనుమతి లేదు. మన అబ్బాయిలు ఈ రెండో సగం వినకుండానే లేచి వచ్చేస్తారు.

ముస్లిం స్త్రీ ముస్లిమేతరుణ్ణి చేసుకోకూడదన్నది నాలుగు సున్నీ న్యాయ సంప్రదాయాల, అంటే మజ్‌హబ్‌ల ఉమ్మడి మాట. దీన్ని తిరిగి పరిశీలించాలనే పండితులు ఈ కాలంలో ఉన్నారు, కానీ తక్కువమంది. ట్యునీషియా ప్రభుత్వం 2017లో ఈ నిషేధాన్ని ఎత్తివేసింది. మీ మసీదులో మీకు నచ్చే జవాబు దొరుకుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. నేను ఫత్వా వెతకలేదు. అల్లా ముందు నా నిర్ణయానికి నేనే జవాబు చెప్పుకోవాలి అనుకున్నాను. నమాజు మానలేదు.

అతను నికాహ్ కోసం కలిమా (ఇస్లాంను స్వీకరించే సాక్ష్య వచనం) చదివేస్తే గొడవ వదిలిపోతుంది కదా?

నమ్మి చదివితే ఎవరూ కాదనలేరు. మీ చుట్టాల నోరు మూయించడానికి చదివితే గొడవ ఆ రోజు మొదలవుతుంది. నాకు తెలిసిన ఒక జంట ఉంది. అతను పెళ్లికి వారం ముందు కలిమా చదివాడు, కొత్త పేరు పెట్టారు. మామగారింట్లో ప్రతి రంజాన్‌కూ ఉపవాసం ఉన్నట్టు నటించేవాడు. మధ్యాహ్నం బజారుకు వెళ్లి అన్నం తిని, నోరు కడుక్కుని వచ్చేవాడు. నాలుగో ఏడు బావమరిది ఆ హోటల్లోనే ఎదురుపడ్డాడు. అప్పుడు పోయింది ఉపవాసం కాదు, అంతవరకు అతను ఆ ఇంట్లో ఆడిన ప్రతి మాటకూ ఉన్న విలువ పోయింది. మొదటి రోజే "నేను మీ మతంలోకి రాను, మీ అమ్మాయిని బాగా చూసుకుంటాను" అని ఉంటే అంత చేటు జరిగేది కాదు.

అబ్బాకు ఎప్పుడు చెప్పాలి?

రిజిస్ట్రార్ కార్యాలయంలో నోటీసు పెట్టకముందే. ఎందుకంటే ఆ నోటీసును గోడకు అంటిస్తారు, దాన్ని ఎవరైనా చదవవచ్చు.

మా అబ్బా దర్జీ. నేను చెప్పిన రోజు ఆయన కత్తిరిస్తున్న గుడ్డను మడిచి పక్కన పెట్టి, కుట్టు మిషను మీద తొడుగు వేసి, దుకాణం మూసి ఇంటికి వెళ్లిపోయారు. మూడు వారాలు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత నోటీసు పడింది. కార్యాలయం బయట కూర్చునే దస్తావేజు లేఖరి ఒకాయన మా అబ్బాకు పాత పరిచయస్తుడు. వెంటనే ఫోను చేశాడు: "భాయ్, మీ పాప పేరు ఇక్కడ బోర్డు మీద ఉంది, మీకు తెలుసా?" అబ్బా "తెలుసు" అని ఫోను పెట్టేశారు.

ఆ రోజు సాయంత్రం ఆయన నాతో మాట్లాడారు. ఆయనకు నా పెళ్లి నచ్చలేదు, కానీ నలుగురిలో తల వంచుకునే పని నేను పెట్టలేదు. "తెలుసు" అనే ఆ ఒక్క మాట అనగలిగే అవకాశం మీ నాన్నకు మిగల్చండి.

ఇంట్లో బెదిరిస్తున్నారు. నా సర్టిఫికెట్లు కూడా దాచేశారు. చట్టం నా వైపు ఉంటుందా?

ఉంటుంది. మేజర్లయిన ఇద్దరు తమకు నచ్చినవారిని పెళ్లాడవచ్చని, వాళ్లను వేధించేవారిపై పోలీసులు చర్య తీసుకోవాలని సుప్రీంకోర్టు 2006లో లతా సింగ్ కేసులో చెప్పింది. 2018లో శక్తివాహిని కేసులో ఇలాంటి జంటల రక్షణకు ప్రతి జిల్లాలో ప్రత్యేక విభాగం పెట్టమంది. అదే ఏడాది హాదియా కేసులో, ఎవరిని పెళ్లాడాలన్నది ఆ వ్యక్తి ఇష్టమేనని మరోసారి తేల్చింది. ప్రమాదం అనిపిస్తే 112, మహిళలైతే 181. ఇప్పుడు చెప్పేది మాత్రం కోర్టు చెప్పని మాట: పాస్‌పోర్టు, పదో తరగతి మార్కుల జాబితా, ఆధార్ ముందుగా నమ్మకమైన స్నేహితురాలి ఇంట్లో ఉంచండి. బెదిరింపు ఉన్న ఇంట్లో అబ్బాకు ముందే చెప్పాలనే నియమం వర్తించదు. ముందు మీరు క్షేమంగా ఉండాలి.

## పెళ్లి, కాగితాలు

మతం మారకుండా తిరుపతిలోనే పెళ్లి చేసుకోవాలంటే ఏం చేయాలి?

1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఇందుకోసమే ఉంది. వరుడికి 21, వధువుకు 18 నిండాలి. ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో కనీసం 30 రోజులుగా నివసిస్తూ ఉండాలి. అమ్మాయిది తిరుపతి అయితే అబ్బాయి ఏ దేశం వాడైనా తిరుపతిలో నోటీసు ఇవ్వవచ్చు. నోటీసు ప్రచురించాక 30 రోజులు ఆగాలి. ఆ తర్వాత ముగ్గురు సాక్షులతో వెళ్లి సంతకాలు చేస్తే ధ్రువపత్రం ఇస్తారు. నోటీసు ఇచ్చిన నాటి నుంచి మూడు నెలల్లోగా పెళ్లి జరగకపోతే మళ్లీ మొదటికి వస్తుంది. విమానం టికెట్లు కొనేముందు ఈ లెక్క వేసుకోండి. మేము వేసుకోలేదు. మా ఆయన సెలవు అయిపోయి ఒకసారి వెళ్లి మళ్లీ రావలసి వచ్చింది.

మా మేనమామ వెళ్లి అభ్యంతరం రాసి ఇస్తే పెళ్లి ఆగిపోతుందా?

మతం వేరని, కులం వేరని, పెద్దలకు ఇష్టం లేదని రాస్తే ఆగదు. ఇద్దరిలో ఎవరికైనా బతికున్న భార్యో భర్తో ఉండటం, వయసు చాలకపోవడం, సమ్మతి ఇవ్వలేని మానసిక స్థితి, నిషిద్ధ బంధుత్వం, ఇవే అభ్యంతరానికి కారణాలు. అధికారి విచారణ చేసి 30 రోజుల్లో తేల్చాలి.

అమ్మీ సంతోషం కోసం నికాహ్ మాత్రమే చేసుకుంటే చాలదా?

చాలదు. ముస్లిం పురుషుడు హిందూ స్త్రీని నికాహ్ చేసుకుంటే మన న్యాయస్థానాలు దాన్ని లోపమున్న వివాహంగా చూస్తాయి. ఆ పెళ్లిలో పుట్టిన బిడ్డ చట్టబద్ధ సంతానమేనని, తండ్రి ఆస్తిలో వాటా ఉందని 2019లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. భార్యకు మాత్రం భర్త ఆస్తిలో వారసత్వం రాదు. బ్రిటన్‌లో నికాహ్ ఒక్కటే చేసుకుంటే అక్కడి చట్టం దృష్టిలో పెళ్లే జరగలేదు. విడిపోయిన రోజున చేతిలో ఏమీ ఉండదు. జర్మనీలో కూడా నగర కార్యాలయంలో జరిగిందే పెళ్లి. ముందు చట్టం ప్రకారం పెళ్లి కానివ్వండి, ఆ తర్వాత దువా చేయించుకుంటారో, విందు పెట్టుకుంటారో మీ ఇష్టం. మా అమ్మీ నాకు పసుపు పూసి, చేతులకు గోరింటాకు పెట్టి, ఇంట్లో ఆడవాళ్లను కూర్చోబెట్టి పాటలు పాడించింది. ఖాజీ లేడు. ఏడుపు మాత్రం అన్ని పెళ్లిళ్లలో లాగే ఉంది.

విదేశంలోనే చేసుకుంటే సులువా?

దేశాన్ని బట్టి. భారత రాయబార కార్యాలయంలో 1969 నాటి విదేశీ వివాహ చట్టం కింద చేసుకోవచ్చు, ఇద్దరిలో ఒకరు భారత పౌరులైతే చాలు. సింగపూర్‌లో ముస్లిం వివాహ నమోదుకు ఇద్దరూ ముస్లింలై ఉండాలి. ఒకరే ముస్లిం అయితే పౌర వివాహ నమోదు ఉంది. మలేసియాలో ముస్లిం, ముస్లిమేతరుల మధ్య పెళ్లి కుదరదు, రెండోవారు మతం మారాల్సిందే.

నాకు కువైట్‌లో ఉద్యోగం. భర్త హిందువు. అక్కడికి తీసుకెళ్లవచ్చా?

చాలా జాగ్రత్త. గల్ఫ్ దేశాల కుటుంబ చట్టాలు ముస్లింల విషయంలో షరియాను అనుసరిస్తాయి. ముస్లిం మహిళ ముస్లిమేతరుణ్ణి చేసుకున్న పెళ్లిని అవి సాధారణంగా చెల్లనిదిగా చూస్తాయి. కుటుంబ వీసా, కాన్పు, బిడ్డ జనన ధ్రువీకరణ, అన్నీ ఆ పెళ్లి పత్రంతో ముడిపడినవే. వచ్చే జీతం చూసి వెళ్లిపోయి, గర్భం వచ్చాక ఫోను చేసినవాళ్లు ఉన్నారు. అప్పటికి నేను చెప్పగలిగింది, వెంటనే ఇంటికి వచ్చి కాన్పు చేయించుకోమనే.

పెళ్లి పత్రానికి అపోస్టిల్ (విదేశాల్లో చెల్లుబాటు కోసం ప్రభుత్వం వేసే ముద్ర) వేయిస్తే అన్ని దేశాలకూ సరిపోతుందా?

లేదు. భారత్ 2005లో అపోస్టిల్ ఒప్పందంలో చేరింది కానీ జర్మనీ మన చేరికకు అభ్యంతరం చెప్పింది, అందుకని మన అపోస్టిల్ ఇక్కడ పనికిరాదు. ఇక్కడి అధికారులు అనుమానం వస్తే రాయబార కార్యాలయం ద్వారా మన ఊళ్లోనే విచారణ చేయిస్తారు, నెలలు పడుతుంది. కువైట్, యూఏఈలకు ఆ దేశ రాయబార కార్యాలయం ముద్ర కావాలి. జర్మన్ పౌరుణ్ణి చేసుకున్నవారు వీసాకు ముందు ప్రాథమిక జర్మన్ భాషా పరీక్ష కూడా రాయాలి. నేను చెన్నైలో రాశాను. తిరుపతి నుంచి తెల్లవారుజామున సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో క్రియాపదాలు వల్లె వేస్తూ వెళ్లాను.

## కాపురం మొదలైన తర్వాత

జర్మనీలో చిరునామా నమోదు చేసేటప్పుడు మతం ఏమిటని అడిగారు. ఎందుకు?

పన్ను కోసం. కాథలిక్, ప్రొటెస్టంట్ సభ్యుల ఆదాయపు పన్ను మీద మరో 8 లేక 9 శాతం చర్చి పన్ను పడుతుంది. ముస్లింలకు అలాంటిది లేదు, ఆ గడి ఖాళీగా వదలవచ్చు. భర్త చర్చి సభ్యుడై ఉండి, ఆయనకు జీతం తక్కువ, మీకు ఎక్కువ అయితే కొన్ని చోట్ల మీ ఉమ్మడి ఆదాయం చూసి ఆయన మీద వేరే రుసుము వేస్తారు. మొదటిసారి ఆ కాగితం చూసి, నా జీతానికీ చర్చికీ సంబంధం ఏమిటని మా ఆయనతో ఒక సాయంత్రమంతా తగాదా పడ్డాను.

అత్తగారింట్లో పంది మాంసం వండుతారు, వైన్ తాగుతారు. ఎలా నెగ్గుకురావాలి?

నోరు తెరిచి చెప్పండి. మొదటి క్రిస్మస్‌కు నేను మొహమాటపడి "ఆకలి లేదు" అన్నాను. మా అత్తగారు వంట నచ్చలేదేమోనని రాత్రంతా బాధపడ్డారట. మరుసటి ఏడాది విడమరిచి చెప్పాను. ఆవిడ కొత్త పెనం కొని, పిడికి ఎర్ర ఉన్ని దారం చుట్టి, అది నాదని అందరికీ చూపించారు. ఇప్పటికి ఆ దారం రంగు వెలిసిపోయింది, రెండుసార్లు మార్చారు. మా మరిది ఒకసారి అందులో పంది మాంసం వేయబోతే చెయ్యి మీద ఒక్కటి వేశారు. హలాల్ మాంసం తుర్కీ దుకాణాల్లో దొరుకుతుంది. జెల్లీ మిఠాయిలు, పెరుగు డబ్బాల్లో జెలటిన్ ఉంటుంది, వెనకాల చదవడం అలవాటు చేసుకోండి. ఒకే బల్ల మీద ఆయన గ్లాసులో వైన్ ఉంటే నేను కూర్చోవాలా వద్దా అన్నది మాత్రం ఒక్కొక్కరి మనసు. నేను కూర్చుంటాను.

వేసవి రంజాన్‌లో పద్దెనిమిది గంటల ఉపవాసం అంటున్నారు. ఉండగలమా?

2015లో నేను వచ్చిన కొత్తలో రంజాన్ జూన్‌లో పడింది. రాత్రి తొమ్మిదిన్నరకు ఇఫ్తార్, తెల్లవారుజామున మూడు కాకముందే సహరీ. మొదటి వారం ఏడ్చాను. అయితే రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. ఇప్పుడు ఫిబ్రవరి, మార్చి నెలల్లో పడుతోంది, ఇంకొన్నేళ్లు చలికాలంలోకే వెళ్తుంది. ఇదే తేలిక కాలం. భర్తను ఉపవాసం ఉండమని అడగకండి. మా ఆయన ఉండడు, కానీ సహరీకి అలారం పెట్టి లేచేది ఆయనే. కళ్లు మూసుకునే ఉప్మా కలుపుతాడు.

భర్త తెలుగు హిందువు. ఇంట్లో పూజ గది, నమాజు రెండూ ఎలా కుదురుతాయి?

స్థలం పంచుకోవడం కష్టం కాదు, పండుగలు పంచుకోవడంలోనే మనసులు బయటపడతాయి. మా పక్క ఊరిలో నెల్లూరు అబ్బాయి, చిత్తూరు అమ్మాయి ఉన్నారు. 2025 మార్చి 30న ఉగాది. మన దేశంలో రంజాన్ పండుగ మరునాడు గానీ, సౌదీలో, ఇక్కడి మసీదులు చాలావాటిలో అదే రోజు. ఆమె పొద్దున్నే లేచి షీర్ ఖుర్మా కాస్తుంటే, అతను వేపపువ్వు దొరకక మెంతులు వేసి ఉగాది పచ్చడి చేశాడు. అతని తల్లి వీడియోలో చూసి "ముందు పచ్చడి నోట్లో వేసుకో అమ్మాయ్, తర్వాత మీ పాయసం" అంది. అది ఆజ్ఞా, ఆప్యాయతా అని ఆ అమ్మాయి నన్ను అడిగింది. రెండూ అన్నాను. పూజలో కూర్చోలేనని, ప్రసాదం తింటానో తిననో, బొట్టు పెట్టుకుంటానో లేదో పెళ్లికి ముందే అత్తగారికి చెప్పి ఉండాలి. ఆమె చెప్పింది, అందుకే "మీ పాయసం" అనే మాట అంత మామూలుగా వచ్చింది.

ఇక్కడి మసీదులో మమ్మల్ని రానిస్తారా?

రానిస్తారు, మీ భర్త మతం గుమ్మం దగ్గర ఎవరూ అడగరు. 1961 ఒప్పందంతో వచ్చిన తుర్కీ కార్మికులు కట్టుకున్న మసీదులే ఎక్కువ కాబట్టి ఖుత్బా, అంటే శుక్రవారం ప్రసంగం, తుర్కీలో నడుస్తుంది. నాకు ఒక్క ముక్క అర్థం కాదు, దువా మాత్రం అర్థమవుతుంది.

## పిల్లలు

పిల్లల్ని ఏ మతంలో పెంచాలి?

సంప్రదాయం ప్రకారం ముస్లిం తల్లిదండ్రుల బాధ్యత పిల్లల్ని ముస్లింలుగా పెంచడమే. మీరు అలా పెంచాలనుకుంటే ఆ మాట భర్తతో పెళ్లికి ముందే అనాలి, బాప్తిజం రోజున కాదు. "పెద్దయ్యాక వాళ్లే ఎంచుకుంటారు" అనేది ఒప్పందం కాదు, వాయిదా. ఏమీ నేర్పని ఇంట్లో పిల్లలు ఎంచుకోవడానికి ఏమీ ఉండదు. మా పాపకు నేను ఖురాన్ మొదటి సూరా ఫాతిహా నేర్పాను, వాళ్ల నానమ్మ క్రిస్మస్ పాటలు నేర్పింది. ఈసా (యేసు), మర్యమ్ (మరియ) కథలు మా ఇద్దరి గ్రంథాల్లోనూ ఉండటం నాకు కలిసి వచ్చింది.

పేరు ఎలా పెట్టాలి?

సారా, మర్యమ్, ఆదమ్, యూసుఫ్ వంటి పేర్లు రెండు వైపులా పలుకుతాయి. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఏ వరసలో రాస్తారో ముందే చూసుకోండి. "షేక్" చాలామందికి సొంత పేరుగా మారిపోయి జీవితాంతం వేధిస్తుంది.

బాబుకు సున్తీ చేయిస్తే ఇక్కడ నేరమా?

జర్మనీలో కాదు. 2012లో కొలోన్ కోర్టు తీర్పుతో గందరగోళం వచ్చింది, అదే ఏడాది చివర పార్లమెంటు చట్టం చేసి వైద్య ప్రమాణాలతో అనుమతించింది. తల్లిదండ్రులిద్దరూ ఒప్పుకోవాలి. అసలు చర్చ అక్కడే.

బిడ్డకు భారత పౌరసత్వం ఉంటుందా?

తల్లిదండ్రుల్లో ఒకరు భారత పౌరులై ఉండి, వేరే దేశపు పాస్‌పోర్టు తీసుకోకుండా, పుట్టిన ఏడాదిలోగా రాయబార కార్యాలయంలో నమోదు చేయిస్తే వస్తుంది. భర్తకు విదేశీ భారత పౌరుడి (ఓసీఐ) కార్డు కావాలంటే పెళ్లి నమోదై రెండేళ్లు నిరాటంకంగా కొనసాగి ఉండాలి.

## ఊరికి వచ్చినప్పుడు

మా ఆయన తిరుమల చూడాలంటున్నారు. వెళ్లవచ్చా?

కొండకు వెళ్లవచ్చు. దర్శనానికి మాత్రం హిందువులు కానివారు వేంకటేశ్వరుడి మీద విశ్వాసం ఉందని డిక్లరేషన్ మీద సంతకం చేయాలి, 1990 నుంచి ఉన్న ప్రభుత్వ నిబంధన ఇది. నమ్మకం ఉన్నవారు చేస్తారు. మంగళవారాల్లో జరిగే అష్టదళ పాదపద్మారాధనకు 108 బంగారు పద్మాలు ఇచ్చిన భక్తుడు గుంటూరు ముస్లిం. కడపలో ఉగాది నాడు దేవుని కడప గుడికి ముస్లింలు వెళ్తారు, స్వామి ముస్లిం భార్యగా చెప్పుకునే బీబీ నాంచారి వల్ల స్వామి వాళ్లకు అల్లుడి వరస. నాకు ఆ విశ్వాసం లేదు. లేనిది ఉందని సంతకం పెట్టడం నా దీన్‌కూ, ఆ కొండకూ మర్యాద కాదు. మా ఆయన కూడా అదే అన్నాడు. అలిపిరి మెట్లు ఎక్కి గాలిగోపురం దాకా వెళ్లి, సోడా తాగి దిగి వచ్చాడు. లడ్డు మాత్రం పక్కింటి పద్మావతత్త ఎప్పుడు పంపినా తింటాం. మా ఖాలాకు అది నచ్చదు. ఆవిడ వాటా కూడా మా ఆయనే తింటాడు.

చుట్టాలు "అతను ఇంకా ఇస్లాంలోకి రాలేదా?" అని అడుగుతారు. ఏం చెప్పాలి?

"లేదు" అని. పొడిగించకండి.

## ఆస్తి, చివరి మజిలీ

మా పెళ్లి ప్రత్యేక వివాహ చట్టం కింద అయింది. ఆస్తి షరియత్ ప్రకారమే పంచుతారా?

కాదు. ఆ చట్టం కింద పెళ్లాడితే మీకు, మీ పిల్లలకు 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. వీలునామా లేకపోతే, పిల్లలున్న చోట జీవిత భాగస్వామికి మూడో వంతు, మిగతాది పిల్లలకు. సంప్రదాయ ఫిఖ్‌లో ముస్లిం, ముస్లిమేతరుడు ఒకరికొకరు వారసులు కారు, వసీయత్ (వీలునామా) ద్వారా మూడో వంతు వరకు ఇవ్వవచ్చు. ఐరోపా సమాఖ్య దేశాల్లో చాలావాటిలో 2015 ఆగస్టు నుంచి, చనిపోయిన వ్యక్తి ఎక్కడ స్థిరపడి ఉంటే ఆ దేశపు చట్టం నడుస్తుంది, కావాలంటే వీలునామాలో తన పౌరసత్వ దేశపు చట్టాన్ని ఎంచుకోవచ్చు. మన ఊరి ఇంటికి, స్థలానికి మన చట్టమే. రెండు దేశాల్లో ఆస్తి ఉంటే రెండు చోట్లా వకీలుతో మాట్లాడి వీలునామా రాయండి.

నన్ను ఎక్కడ ఖననం చేస్తారు? ఆయన పక్కనే ఉండవచ్చా?

ఈ ప్రశ్న పిల్లలు అడగరు, నలభై దాటినవాళ్లు అడుగుతారు. జర్మనీలో పురపాలక శ్మశానాల్లో ముస్లింలకు వేరే భాగాలు ఉన్నాయి. ముస్లిమేతర భర్తను అక్కడ ఒప్పుకుంటారా అన్నది ఆ శ్మశానం నిబంధన. పైగా ఇక్కడ సమాధి శాశ్వతం కాదు, సాధారణంగా ఇరవై ఏళ్ల చుట్టుపక్కల గడువు, తర్వాత రుసుము కట్టి పొడిగించాలి. నేను గుస్ల్ (అంతిమ స్నానం), కఫన్ (కప్పే తెల్ల గుడ్డ), జనాజా నమాజు (అంత్యక్రియల ప్రార్థన) కావాలని కాగితం మీద రాసి మా ఆయన చేతికి ఇచ్చాను. ఆయన చదివి, ఆ మాటలు సరిగ్గా పలకడం నేర్పమన్నాడు. "జనాజా" వచ్చింది. "గుస్ల్" ఇంకా తడబడుతోంది. కాగితం మాత్రం వంటింటి సొరుగులో, పెనానికి చుట్టే ఎర్ర దారం ఉండ కింద ఉంది.